వాక్యం నుంచి పటం దాకా



చాలా ఏళ్ల కిందటి మాట. బళ్లారి వైపు మా ఊళ్లో ఒక ఏడు వానలు ఎగ్గొట్టాయి. పంటనష్టం జాబితాను కంప్యూటర్లో అచ్చువేసి చావిడి గోడకు అంటించారు. మా పెద్దనాయన, మా నాయన, మా చిన్నాయన ముగ్గురికీ కలిసి ఉన్న పొలం మాది. జాబితాలో పెద్దనాయన పేరు ఉంది. దాని పక్కన ‘వగైరా’ అని ఉంది. మా నాయన ఆఫీసుకు పోయి, “సామీ, వగైరా అంటే నేనేనా?” అని అడిగాడు. అక్కడి గుమాస్తా చెడ్డవాడేం కాదు. “ఈ గడిలో ఒక్క పేరే పడుతుంది పెద్దాయనా, నేనేం చేసేది?” అన్నాడు. డబ్బు పెద్దనాయన పేరు మీదే వచ్చింది. ఆయన ధర్మాత్ముడు గనుక మూడు పాళ్లు చేసి పంచాడు. అలాంటి అన్న లేని ఇళ్లు కూడా ఆ ఊళ్లో ఉన్నాయి.

ఆ గడిలో ఒక్క పేరే పట్టాలని నిర్ణయించింది ఎవరు? గుమాస్తా కాదు, కంప్యూటరు అంతకన్నా కాదు. కంప్యూటరు ఊళ్లోకి రాకముందే ఎవరో ఒకాయన, ఏదో ఒక కాగితంలో రాసి ఉన్న అవసరాలను చదివి, గడులు గీశాడు. ఇల్లు కట్టేముందు మేస్త్రీ నేలమీద ముగ్గు పోసినట్టే, లెక్కలను కంప్యూటర్లో భద్రపరిచే ముందు ఒక పటం గీస్తారు. దాన్ని ఎంటిటీ రిలేషన్‌షిప్ డయాగ్రం అంటారు, పొట్టిగా ఈ.ఆర్. పటం. ఎంటిటీ అంటే లెక్కలో విడిగా చూపించవలసిన మనిషి గానీ, వస్తువు గానీ. రిలేషన్‌షిప్ అంటే వాటి మధ్య సంబంధం. ఈ పటం ఎలా పుట్టిందో, అది ఏ ప్రశ్నలు అడిగేందుకు పుట్టిందో ఈవేళ చెప్పుకుందాం.

కథ అమెరికాలో జరిగిందే అయినా, దాని ముడి మన ఊరి కరణంగారి పెట్టెలో కూడా ఉంది. 1800లో నిజాము దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాక, 1807 వరకు వాటికి ప్రధాన కలెక్టరుగా ఉన్నవాడు థామస్ మన్రో. పొలం పొలాన్నీ కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకునే రైత్వారీ పద్ధతిని ఆయన ఇక్కడ నడిపించాడు. మద్రాసు రెవిన్యూ లెక్కల్లో తర్వాత స్థిరపడిన పుస్తకాలలో రెండింటిని గుర్తుచేస్తాను. అడంగల్ పొలాల వరుసలో ఉంటుంది. సర్వే నంబరు తీస్తే ఆ పొలం ఎవరిది, ఏ పంట వేశారు అని తెలుస్తుంది. చిట్టా రైతుల వరుసలో ఉంటుంది. మనిషి పేరు తీస్తే అతనికి ఏయే పొలాలున్నాయో తెలుస్తుంది. అంటే ఒకే సంగతిని రెండుచోట్ల, రెండు వరుసల్లో రాయడమన్నమాట. పొలం చేతులు మారినప్పుడు రెండు పుస్తకాలూ దిద్దాలి. ఒకటి దిద్ది రెండోది మరిచారా, రెండు పుస్తకాలూ తగువులాడుకుంటాయి. వాటితోపాటు మనమూ.

మూడో పుస్తకం ఒకటి ఉండేది. అది కరణంగారి తల. ఎవరు ఎవరి దాయాది, ఏ పొలం ఎవరి పేర ఉండి ఎవరు దున్నుతున్నారు, ఏ పంపకం నోటిమాటగా జరిగింది, ఇవన్నీ అందులో ఉండేవి. ఆ తల అందరికీ న్యాయమే చేసిందని నేను అనను. తమిళనాడులో 1980లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1984లోను వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. పుస్తకాలు మిగిలాయి, తల పోయింది. పుస్తకంలో రాసి లేని సంబంధాలన్నీ దాంతోపాటే పోయాయి.

ఇక అమెరికాకు వెళదాం. 1960ల నాటికి అక్కడి పెద్ద కంపెనీలకు ఇదే తలనొప్పి పట్టుకుంది. చంద్రుడి మీదికి మనిషిని పంపే అపోలో పథకంలో లక్షలాది విడిభాగాల లెక్క చూడాలి. అందుకోసం ఐ.బి.ఎం. కంపెనీ మరి రెండు కంపెనీలతో కలిసి 1966లో ఒక ఏర్పాటు మొదలుపెట్టింది. దాని పేరు ఐ.ఎం.ఎస్. అందులో లెక్కలు చెట్టు ఆకారంలో ఉంటాయి. మొదట కాండం, దానికి కొమ్మలు, కొమ్మకు రెమ్మలు. ప్రతి కొమ్మకూ ఒకే తల్లి. కానీ ఒకే బోల్టు రెండు యంత్రాల్లో వాడితే? అచ్చమైన చెట్టులో దాన్ని రెండుచోట్ల రాయాలి. ఒకే పొలం ముగ్గురు అన్నదమ్ములది అయితే? ఒక అన్న కొమ్మకు వేలాడదీసి మిగతావాళ్లను ‘వగైరా’ అనాలి. మా ఊరి జాబితాను ఏ యంత్రం మీద చేశారో నాకు తెలియదు గానీ, దాని ఆలోచన మాత్రం చెట్టుదే.

జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన చార్లెస్ బాక్‌మన్ 1960ల మొదట్లోనే మరో దారి తొక్కాడు. ఆయన చేసిన ఇంటిగ్రేటెడ్ డేటా స్టోర్‌లో ఒక రికార్డు ఒకటికి మించిన గొలుసుల్లో ఉండవచ్చు. ఆ గొలుసులను పెట్టెలుగా, బాణాలుగా గీసి చూపే పద్ధతిని 1969లో ప్రచురించాడు. లెక్కల అమరికను బొమ్మగా గీయడానికి అదొక పెద్ద మొదలు. కంప్యూటర్ శాస్త్రంలో అన్నిటికన్నా గౌరవంగా చూసే ట్యూరింగ్ బహుమతి ఆయనకు 1973లో వచ్చింది. అయితే ఆ బాణాలు యంత్రం లోపల ఏ గొలుసు పట్టుకుని ఎటు నడవాలో చెప్పే బాణాలు. మనిషి అర్థానికీ యంత్రం నడకకూ మధ్య ఆయన బొమ్మలో ఎడం తక్కువ.

1970 జూన్‌లో ఐ.బి.ఎం.లోనే పనిచేస్తున్న ఎడ్గార్ కాడ్ ఒక వ్యాసం రాశాడు. ఇంగ్లండులో పుట్టి, రెండో ప్రపంచయుద్ధంలో విమానం నడిపిన మనిషి. గొలుసులూ వద్దు, చెట్లూ వద్దు, అంతా పట్టికలుగా పెట్టండి అన్నాడు. నిలువు గళ్లు, అడ్డు వరుసలు. ఏ పట్టికను ఏ పట్టికతో కలపాలన్నా వాటిలోని విలువలే సాక్ష్యం. లోకం చివరికి ఆయన మాటే విన్నది. ఇవాళ బ్యాంకుల్లో, రైలు రిజర్వేషన్లలో నడుస్తున్న లెక్కల్లో చాలా భాగం పట్టికలే. ఆయనకు ట్యూరింగ్ బహుమతి 1981లో వచ్చింది.

కానీ పట్టిక అన్నిటినీ ఒకే కంటితో చూస్తుంది. రైతుల పట్టికా పట్టికే, పొలాల పట్టికా పట్టికే, ఏ రైతుకు ఏ పొలంలో ఎంత వాటా అనే పట్టికా పట్టికే. మొదటి రెండూ లోకంలో ఉన్నవాటికి పేర్లు. మూడోది అలాంటిది కాదు, అది ఇద్దరి నడుమ ఉన్న బంధం. పట్టిక చూసి ఆ తేడా చెప్పలేం. ఆ తేడాను బొమ్మలో కళ్లకు కట్టినవాడు పీటర్ చెన్.

చెన్ 1947లో తైవాన్‌లో పుట్టాడు. అమెరికాలో హార్వర్డ్‌లో 1973లో డాక్టరేటు తీసుకుని, ఎం.ఐ.టి.లో అధ్యాపకుడిగా చేరాడు. 1975లో మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్‌లో పెద్ద డేటాబేస్‌ల మీద జరిగిన మొదటి అంతర్జాతీయ సదస్సులో తన ఆలోచన చెప్పాడు. 1976 మార్చిలో, డేటాబేస్‌ల కోసమే కొత్తగా మొదలైన ఒక పత్రిక తొలి సంచికలో పూర్తి వ్యాసం వెలువడింది. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటలేదు. బాక్‌మన్ గొలుసులవారికీ కాడ్ పట్టికలవారికీ మధ్య వాదం జోరుగా సాగుతున్న కాలమది. చెన్ ఆ వాదంలో ఎటూ చేరలేదు. ముందు లోకం ఎలా ఉందో గీయండి, దాన్ని గొలుసులుగా మారుస్తారో పట్టికలుగా మారుస్తారో ఆ తర్వాత చూసుకోవచ్చు అన్నాడు.

ఆ గీత చాలా తేలిక. రేడియోలో బొమ్మ చూపించలేను గనుక, మీరే ఒక పలకో కాగితమో తీసుకోండి. మన పని ఇలా రాసి ఇచ్చారనుకుందాం: “ఊళ్లో పొలాలకు సర్వే నంబర్లు ఉన్నాయి. ఒక పొలం ఒకరిదైనా కావచ్చు, కొందరికి ఉమ్మడిగానైనా ఉండవచ్చు. ఒక రైతుకు ఎన్ని పొలాలైనా ఉండవచ్చు. ప్రతి పంటకాలంలో ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాయాలి.” ఎడమపక్క ఒక దీర్ఘచతురస్రం గీసి అందులో ‘రైతు’ అని రాయండి. కుడిపక్క ఇంకొకటి గీసి ‘పొలం’ అని రాయండి. రెండింటి నడుమ పేకముక్క మీది డైమను గుర్తులాంటి గడి గీసి అందులో ‘హక్కు’ అని రాసి, రెండువైపులా గీతతో కలపండి. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న: ఒక రైతుకు ఎన్ని పొలాలు? ఎన్నైనా. ఒక పొలానికి ఎందరు హక్కుదారులు? ఎందరైనా. కాబట్టి రెండు గీతల మీదా ‘అనేకం’ అని గుర్తు పెట్టండి. మా నాయన పేరు పోయింది ఇక్కడే. ఆ రెండో ప్రశ్నకు ఎవరో ‘ఒకరు’ అని జవాబు రాసుకున్నారు, లేదా అసలు అడగనే లేదు.

ఇంకొకటి అడుగుతాను. ‘మూడో వంతు’ అనే వాటాను ఎక్కడ రాయాలి? రైతు గడిలో రాస్తే తప్పు. అతనికి ఈ పొలంలో మూడో వంతు, ఇంకో పొలంలో సగం ఉండవచ్చు. పొలం గడిలో రాసినా తప్పే, అక్కడ ముగ్గురున్నారు. వాటా ఆ మనిషిదీ కాదు, ఆ నేలదీ కాదు. వాళ్లిద్దరి నడుమ ఉన్న హక్కుది. కనుక అది డైమను గడికే వేలాడాలి. నా మటుకు నాకు చెన్ ఇచ్చినవాటిలో అన్నిటికన్నా విలువైనది ఇదే. ఆయన వ్యాసంలోని ఉదాహరణ ఒక కంపెనీది: ఒక ఉద్యోగి ఒక ప్రాజెక్టు మీద తన కాలంలో ఎంత శాతం పెడుతున్నాడు? ఆ శాతం ఉద్యోగిదీ కాదు, ప్రాజెక్టుదీ కాదు. సంబంధానికి కూడా తనవైన లక్షణాలు ఉంటాయని ఆయన గీసి చూపాడు.

ఇక ‘ఎవరు ఏ పంట వేశారో’ అన్న ముక్క. ఇక్కడ మన భాష మనల్ని మోసం చేస్తుంది. పైన రాసిచ్చిన వాక్యాల్లో ‘రైతు’ అంటే ఎవరు? పట్టాదారా, దున్నేవాడా? మనం ఇద్దరినీ రైతే అంటాం. పటం గీసేవాడు ఆ మాటను నమ్మి ఊరుకుంటే, కౌలుకు చేసేవాడు లెక్కలోంచి జారిపోతాడు. ప్రశ్న వేస్తే మాత్రం రెండో డైమను గడి పుడుతుంది: ‘సాగు’. దానికి ఒక మనిషి, ఒక పొలం, ఒక పంట, ఒక పంటకాలం, నాలుగూ అంటుకుంటాయి. రైతు గడికి ‘వ్యక్తి’ అని పేరు మారుస్తాం. అదే వ్యక్తి ఒక పొలానికి హక్కుదారు, ఇంకో పొలానికి కౌలుదారు కావచ్చు. రాసిచ్చిన కాగితంలో ఇదంతా లేదు. గీయబోతే బయటపడింది.

రాసిన వాక్యం నుంచి పటానికి వెళ్లే దారిని కూడా చెన్ 1983లో ఇంకో వ్యాసంలో చెప్పాడు. ఇంగ్లీషు వాక్య నిర్మాణానికీ ఈ.ఆర్. పటానికీ పోలిక చూపించాడు. సామాన్య నామవాచకం కనిపిస్తే దీర్ఘచతురస్రం. సకర్మక క్రియ కనిపిస్తే డైమను గడి. విశేషణం వస్తువుకు లక్షణం, క్రియా విశేషణం సంబంధానికి లక్షణం. క్రియ నుంచి పుట్టిన నామం ఉంటే, సంబంధమే ఒక వస్తువుగా మారినట్టు. ఈ చివరిది మనకు బాగా తెలిసిన సంగతే. ‘అమ్మాడు’ అన్నది ఇద్దరి మధ్య సంబంధం. ‘అమ్మకం’ అయ్యేసరికి దానికి దస్తావేజు నంబరు వచ్చి, తేదీ వచ్చి, సాక్షులు వచ్చి, తనకంటూ ఒక పెట్టె అడుగుతుంది. తర్వాత ఆయన తన పటాలకూ చైనా లిపికీ ఉన్న పోలికను కూడా వివరించాడు. ఆ లిపిలో సూర్యుడి గుర్తు పక్కన చంద్రుడి గుర్తు పెడితే వెలుగు, చెట్టు గుర్తు మూడుసార్లు పెడితే అడవి. చిన్న బొమ్మలు కలిసి పెద్ద అర్థం కావడం ఆయన పుట్టిపెరిగిన లిపిలోనే ఉంది.

ఇంగ్లీషుకు చెప్పిన సూత్రం తెలుగుకు అంటుతుందా? నామవాచకాల దాకా బాగానే అంటుతుంది. క్రియ దగ్గర చిక్కు. “ఈ పొలం రామయ్యది.” ఇందులో క్రియ ఎక్కడుంది? “రామయ్యకు ముగ్గురు కొడుకులు.” ఇక్కడా లేదు. క్రియల కోసం వెతికేవాడు ఈ రెండు వాక్యాలూ చదివి, సంబంధమే లేదని దాటిపోతాడు. మన సంబంధాలు చాలావరకు ప్రత్యయాల్లో దాక్కుంటాయి. ‘ది’లో హక్కు ఉంది, ‘కు’లో చుట్టరికం ఉంది, ‘లో’లో ఉనికి ఉంది. కనుక తెలుగులో రాసిచ్చిన అవసరాలు చదివేటప్పుడు క్రియల కింద ఒక గీత, విభక్తుల కింద రెండు గీతలు గీసుకోవాలని నా సలహా. విభక్తి అంటేనే విభజన అని అర్థం. అవిభక్త కుటుంబం అనే మాటలో ఉన్నదీ అదే. మన వ్యాకరణమూ మన పంపకాల దస్తావేజూ ఒకే మాట వాడుకోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

చెన్ తర్వాత ఈ పటానికి చాలా వేషాలు వచ్చాయి. 1976లోనే గార్డన్ ఎవరెస్ట్ అనే ఆయన, ‘అనేకం’ అని రాసే బదులు గీత చివర మూడు వేళ్లలా చీల్చి గీయడం మొదలుపెట్టాడు. దాన్ని కాకి కాలు అంటారు. ఇంగ్లండులో రిచర్డ్ బార్కర్ ఆ దారినే నడిచి, ఆరకిల్ కంపెనీ ద్వారా దాన్ని వ్యాప్తి చేశాడు. ఇప్పుడు ఆఫీసుల్లో కాకి కాలిదే పైచేయి. గీయడానికి సులువే గానీ, అందులో డైమను గడి లేదు. వాటా లాంటివి వచ్చినప్పుడు సంబంధాన్నే ఇంకో పెట్టెగా చేసి నడుమ పెట్టాలి. తెలిసినవాడికి ఇబ్బంది లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం ముందు చెన్ పద్ధతిలో గీయడమే మేలని నేననుకుంటాను. డచ్చి దేశస్థుడు నైసెన్ 1970లలో మొదలుపెట్టిన పద్ధతి ఇంకా ముచ్చటైనది. పటం గీసి ఊరుకోకుండా, ప్రతి గీతనూ నిజమైన ఉదాహరణతో చిన్న వాక్యంగా మార్చి, ఆ పని తెలిసిన మనిషికి చదివి వినిపించాలి. ఆయన తల ఊపితేనే ఆ గీత ఉంటుంది.

మన దేశంలో భూమి లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించే పని 1988–89లో కేంద్రం ఎనిమిది జిల్లాల్లో ప్రయోగంగా మొదలుపెట్టింది. వాటిలో రంగారెడ్డి ఉంది, మహారాష్ట్రలోని వార్ధా ఉంది, ఒడిశాలోని మయూర్‌భంజ్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు ‘కార్డ్’ వచ్చింది. కర్ణాటకలో 2000లో ‘భూమి’ వచ్చింది. సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల పహాణీలు కంప్యూటర్‌కెక్కాయి. తాలూకాలో 15 రూపాయలు కట్టి అచ్చు పహాణీ తీసుకున్న రోజులు మన కర్ణాటక శ్రోతలకు గుర్తుండే ఉంటాయి. ఆ పహాణీ అసలు పేరు ఆర్.టి.సి. హక్కులు, కౌలు, పంటలు అని ఆ మూడక్షరాల అర్థం. చూడండి, మూడూ సంబంధాలే. మనిషి పేరూ లేదు, నేల పేరూ లేదు. ఆ పేరు పెట్టినవాళ్లు చెన్ వ్యాసం చదవలేదు గానీ, ఏది జారిపోతుందో వాళ్లకు తెలుసు.

జారిపోయిన ఉదాహరణ కూడా చెప్పాలి. తెలంగాణ పాత పహాణీలో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు ఒక గడి ఉండేవి. 2020 అక్టోబరులో వచ్చిన ‘ధరణి’లో పట్టాదారు గడి ఉంది, అనుభవదారు గడి లేదు. ఆ గడి వల్లే తగాదాలు పుడుతున్నాయని అప్పటి ప్రభుత్వం వాదన. అది తీసేస్తే కౌలుదారుకు కాగితం మీద ఆనవాలే ఉండదని రైతు సంఘాల వాదన. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో ‘భూభారతి’ చట్టం అమల్లోకి వచ్చింది. ఎవరి వాదన సరైనదో తేల్చే పని ఈ ప్రసంగానిది కాదు. పటంలో ఒక డైమను గడి ఉంచాలా తీసేయాలా అన్నది కంప్యూటర్ ఇంజనీరు ఒక్కడే తేల్చే సంగతి కాదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

మళ్లీ మా పొలానికి వస్తాను. ఇప్పుడు దాని పహాణీలో వగైరా లేదు. మూడు వరుసల్లో మూడు పేర్లు, ఒక్కొక్క పేరు ఎదుట వాటా. మా అత్త, అంటే మా నాయన చెల్లెలు, మొన్న ఊరికి వచ్చినప్పుడు ఆ కాగితం చదివించుకుని విన్నది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో, తమిళనాడు 1989లో, కర్ణాటక 1994లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకున్నాయి. 2005లో కేంద్ర చట్టాన్నే అలా సవరించారు. ఇన్ని చట్టాలు మారినా, ఇందాక మీరు పలక మీద గీసిన పటంలో ఒక్క గీతను కూడా మార్చనక్కర్లేదు. హక్కు గడికి రెండువైపులా ‘అనేకం’ అని ముందే రాసుకున్నాం. కావలసింది ఇంకొక్క వరుస.

“నా పేరు పడుతుందా ఆ గడిలో?” అని అడిగింది అత్త.

పడుతుందని చెప్పాను. వచ్చే వారం మా చిన్నాయనతో మాట్లాడాలి.